పన్నెండులో దాక్కున్న పది: మారియా మాంటిస్సోరి లెక్కల కథ

ఢిల్లీ సరోజినీ నగర్ మార్కెట్‌లో ఓ చొక్కా కొనాలంటే జేబులో డబ్బులతో పాటు నోట్లో హిందీ అంకెలు కూడా ఉండాలి. అమ్మేవాడు డేఢ్ సౌ అంటాడు. అంటే నూటయాభై. ఢాయీ సౌ అంటే రెండు వందల యాభై. బేరం మధ్యలో ఎక్కడో సవా సౌ అని దొర్లుతుంది, అది నూటపాతిక. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్లతో పెరిగిన ఈ కాలనీలో, బదిలీ మీద వచ్చే తెలుగు కుటుంబాల పిల్లలకి ఇంట్లో ఒక లెక్క, వీధిలో ఇంకో లెక్క. ఇంట్లో యాభై తొమ్మిది, వీధిలో ఉనసఠ్. తెలుగు మాటలో ముందు యాభై వినిపిస్తుంది, తర్వాత తొమ్మిది. 59 అని రాసే వరుస కూడా అదే. హిందీ మాటలో తొమ్మిది అసలు లేదు. అరవైకి ఒకటి తక్కువ అన్న అర్థం అందులో ముడుచుకుని ఉంది. 69 ఉనహత్తర్, 79 ఉనాసీ అయ్యాక, 89 దగ్గరికి వచ్చేసరికి ఆ పద్ధతీ తప్పి నవాసీ అవుతుంది. హిందీ ఇంటిభాషగా ఉన్న పిల్లలు కూడా వందలోపు మాటల్ని దాదాపు దేనికది కంఠతా పట్టాల్సిందే.

తెలుగు పిల్లల పని అంత కష్టం కాదు. అలాగని పూర్తిగా సులువూ కాదు. నూట పన్నెండు రాయమంటే 10012 అని రాసే పిల్లలు ఏ బడిలోనైనా కనిపిస్తారు. దాన్ని అజాగ్రత్త అని ఎర్ర సిరాతో కొట్టేస్తాం కానీ, అందులో మంచి తర్కం ఉంది. విన్నది విన్నట్టు రాశారు: ముందు నూరు, దాని పక్కన పన్నెండు. నూరులోని ఆ రెండు సున్నాలు ఎక్కడికి పోవాలో వాళ్లకి ఎవరూ చూపించలేదు. అంకె ఒకటే అయినా అది నిలబడ్డ చోటును బట్టి విలువ మారుతుందన్న సంగతిని మనం స్థాన విలువ అంటాం. పెద్దవాళ్లకి అది ఎంత అలవాటైపోయిందంటే, ఒకప్పుడు నేర్చుకున్నామన్న సంగతే గుర్తుండదు. ఐదేళ్ల పిల్లకి మాత్రం అది ఒప్పుకోవాల్సిన పెద్ద వింత.

ఆ సున్నాలు ఎక్కడికి పోతాయో పిల్లలు చేత్తో పట్టుకుని చూసేలా చేసినవారిలో అందరికంటే ఎక్కువ పేరు తెచ్చుకున్నది ఒక ఇటలీ డాక్టర్. మారియా మాంటిస్సోరి పేరు తెలుగువాళ్లకి కొత్త కాదు. విజయవాడలో వి. కోటేశ్వరమ్మ 1950ల మధ్యలో ఆ పేరుతో మొదలుపెట్టిన బడి దగ్గర్నుంచి, నేటి పట్టణాల్లో సందుకొకటిగా కనిపించే బోర్డుల దాకా, అది బాగా నలిగిన పేరు. బోర్డు వెనక ఉన్న మనిషి, ఆ మనిషి చేసిన లెక్క మాత్రం అంతగా తెలియవు.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలో అంకోనా దగ్గరి కియారవల్లె అనే చిన్న పట్టణంలో పుట్టింది. తండ్రి అలెస్సాండ్రో ఆర్థిక శాఖలో ఉద్యోగి, పొగాకు పరిశ్రమ వ్యవహారాలు చూసేవాడు. తల్లి రెనిల్డె స్తొప్పాని చదువుకున్న మనిషి, కూతురి చదువుకి గట్టి అండ. తండ్రి బదిలీల వెంట కుటుంబం ఫ్లోరెన్సుకీ, 1875లో రోముకీ చేరింది. పదమూడో ఏట ఆమె మగపిల్లలు చదివే సాంకేతిక పాఠశాలలో చేరింది. గణితం, విజ్ఞాన శాస్త్రం చదివి ఇంజినీరు కావాలనుకుంది. తర్వాత మనసు వైద్యం మీదికి మళ్లింది. మగ విద్యార్థుల మధ్య ఆడపిల్ల శవపరీక్ష చేయడం మర్యాద కాదని, క్లాసు అయిపోయాక ఒంటరిగా శవాల మధ్య ఆ పని చేసుకోవాల్సి వచ్చింది. 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరై బయటికొచ్చింది. ఇటలీ తొలి మహిళా డాక్టర్ అని చాలాచోట్ల రాస్తారు. అది నిజం కాదు, ఆమెకి ముందు కొందరున్నారు. కానీ ఆ కొందరిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

విశ్వవిద్యాలయ మనోవైద్య విభాగంలో పని చేస్తుండగా రోమ్‌లోని పిచ్చాసుపత్రులకి వెళ్లేది. అక్కడ బుద్ధిమాంద్యం ఉందని ముద్ర వేసిన పిల్లల్ని పెద్ద రోగులతో కలిపి ఉత్త గదుల్లో పడేసేవారు. పట్టుకోవడానికి ఒక వస్తువు లేదు, ఆడుకోవడానికి ఒక బొమ్మ లేదు. వాళ్లకి కావలసింది మందు కంటే ముందు చేతికి పని అన్న నిర్ణయానికి ఆమె వచ్చింది. ఫ్రెంచి వైద్యులు ఇటార్, సెగన్ అంతకు ముందే ఇలాంటి పిల్లల మీద పని చేసి పుస్తకాలు రాశారు. ఆమె వాటిని మొదటి నుంచి చివరిదాకా తన చేతి రాతతో ఇటాలియన్‌లోకి దించుకుంది. ఒక్కో మాట బరువు తెలియాలంటే అలా రాసుకోవాలన్నది ఆమె పద్ధతి. 1900లో రోమ్‌లో ఇలాంటి పిల్లలకి, వారి టీచర్లకి ఒక శిక్షణ సంస్థ మొదలైతే, దాన్ని సహోద్యోగి డాక్టర్ జుసెప్పె మొంతెసానోతో కలిసి నడిపింది. అక్కడి పిల్లల్లో కొందరు మామూలు పిల్లల పరీక్షలు రాసి నెగ్గారు. అందరూ ఆమెని మెచ్చుకుంటుంటే, ఆమెకి వేరే సందేహం పట్టుకుంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు అక్కడిదాకా రాగలిగితే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు అక్కడే ఎందుకు ఆగిపోయారు? బళ్లు వాళ్లని ఏం చేస్తున్నాయి?

ఈ మధ్యలోనే, 1898 మార్చి 31న, ఆమెకి మొంతెసానో వల్ల ఒక కొడుకు పుట్టాడు. పేరు మారియో. ఇద్దరికీ పెళ్లి కాలేదు. ఆనాటి ఇటలీలో పెళ్లయితే ఆమె ఉద్యోగం పోతుంది, పెళ్లి కాకుండా బిడ్డ ఉన్నాడని తెలిస్తే పేరు పోతుంది. బిడ్డని పల్లెలో వేరే కుటుంబానికి పెంపకానికిచ్చారు. ఆమె అప్పుడప్పుడూ వెళ్లి చూసేది, తల్లినని చెప్పకుండా. 1901లో మొంతెసానో ఇంకొకరిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఆ సంస్థ వదిలేసి మళ్లీ విద్యార్థిగా చేరి తత్వశాస్త్రం, మానవ శాస్త్రం చదవడం మొదలుపెట్టింది. ఊళ్లోవాళ్ల పిల్లల గురించి ఆమె చేసిన పనిలో ఎంతో భాగం, సొంత బిడ్డ దగ్గర లేని ఆ పదిహేనేళ్లలోనే జరిగింది.

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో పేటలో మొదటి బాలల గృహం తెరిచారు. కూలీల పేట. బాగుచేసిన అద్దె ఇళ్లలో తల్లిదండ్రులు పనికి పోగానే పిల్లలు మెట్ల మీద, గోడల మీద పడుతున్నారు. వాళ్లని ఒక గదిలో కూర్చోబెట్టే మనిషి కావాలని ఆ ఇళ్ల సంస్థ అడిగితే మాంటిస్సోరి ఒప్పుకుంది. సుమారు యాభై మంది, మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు వాళ్లు. నేడు నెలకి వేలకి వేలు ఫీజు కట్టే బళ్ల మీద కనిపించే పేరు మొదట పుట్టింది ఆ మురికి పేటలో, గోడలు పాడవకుండా చూడమని అడిగితే.

లెక్కల దగ్గర ఆమె మొదట పట్టుకున్నది డబ్బునే. అట్టతో చేసిన నాణేలు పిల్లల చేతికిచ్చి చిల్లర మార్పించింది. పేద పిల్లలకి చిల్లర కన్నా దగ్గరి లెక్క ఏముంటుంది? ఆ తర్వాత వచ్చాయి కర్రలు. పది కర్రలు. అతి చిన్నది 10 సెంటీమీటర్లు, అతి పెద్దది మీటరు. ప్రతి 10 సెంటీమీటర్లకీ ఎరుపు, నీలం మారుతుంటాయి. సాధారణంగా బళ్లో నాలుగు చూపించాలంటే నాలుగు గింజలు పెడతారు. పిల్ల ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వేలు పెట్టి చెబుతుంది, నాలుగు అంటే ఆ చివరి గింజ పేరనుకుంటుంది. కర్రలో ఆ పొరపాటుకి తావు లేదు. నాలుగు అంటే చేతిలో పట్టుకున్న ఆ మొత్తం కర్ర. అంకె రూపం వేరేగా, గరుకు కాగితంతో అట్ట మీద అతికించి ఇస్తారు. పిల్ల దాని మీద వేలితో దిద్దుతుంది. పరిమాణం చేతికి, అంకె వేలికి, పేరు చెవికి. మూడూ వేరువేరుగా వచ్చి, ఆ తర్వాతే ఒకచోట కలవాలి. మన పలకల మీద మూడూ మొదటి రోజే కలిసిపోతాయి, చాలామందికి పరిమాణం అన్నది అసలు వచ్చి చేరదు.

సున్నాకీ ఆమె ఒక చోటు చేసింది. పది గడుల పెట్టె, 0 నుంచి 9 దాకా అంకెలు వేసి ఉంటాయి. 45 కదుళ్లు ఇస్తారు. ఒకటి గడిలో ఒకటి, రెండు గడిలో రెండు, అలా తొమ్మిది దాకా సర్దేసరికి చేతిలో కదుళ్లు సరిగ్గా అయిపోతాయి, సున్నా గడి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ తప్పు కాదు, జవాబు. ఇంకో ఆట ఉండేది. పిల్లని సున్నా సార్లు తన దగ్గరికి రమ్మని టీచరు పిలుస్తుంది. మొదట పరిగెత్తుకొస్తారు. నాలుగుసార్లు ఆడేసరికి కదలకుండా కూర్చుని నవ్వడం నేర్చుకుంటారు. స్థాన విలువకి సున్నా ఎంత ముఖ్యమో తెలిసినవాళ్లకి ఈ ఆట చిన్నదిగా కనిపించదు. 102లో పదుల చోట కూర్చున్న సున్నా చేసే పని కూడా కదలకుండా కూర్చోవడమే.

1909లో ఆమె పద్ధతి పుస్తకంగా వచ్చింది, 1912లో ఇంగ్లిషులోకి వెళ్లింది. అందులో లెక్కల అధ్యాయం చిన్నది, పదికి మించిన సంఖ్యల సంగతి ఇంకా కొన్ని మాటల్లోనే అయిపోతుంది. 1912 డిసెంబరులో తల్లి చనిపోయింది. మరుసటి ఏడు పదిహేనేళ్ల మారియో ఆమె దగ్గరికి వచ్చేశాడు. లోకానికి మాత్రం మేనల్లుడనో, పెంచుకున్న కొడుకనో చెప్పేవారు. 1913లో అమెరికా వెళ్తే జనం విరగబడ్డారు. 1915లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడల మధ్య ఆమె తరగతి నడిచింది. ఆ ఉత్సాహం ఎక్కువ కాలం నిలవలేదు. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం కిల్పాట్రిక్ 1914లోనే ఒక చిన్న పుస్తకం రాసి, ఆమె మనస్తత్వ శాస్త్రం పాతదని తేల్చేశాడు. ఆయన పరీక్షించింది 1909 నాటి మాంటిస్సోరిని. పదికి అవతలి లెక్కలకి ఆమె చేసిన అసలు పని, పూసల పని, పుస్తకంగా వచ్చింది 1916లో.

ఆ పూసల దగ్గర కొంచెం ఆగాలి. బంగారు రంగు పూస ఒకటి. అది ఒకటి. పది పూసల్ని తీగకి గుచ్చితే ఒక కడ్డీ. అది పది. పది కడ్డీల్ని పక్కపక్కన కట్టేస్తే ఒక చదరపు పలక. అది వంద. పది పలకల్ని ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఒక ఘనం. అది వెయ్యి. ఒక చేతిలో పూస, ఇంకో చేతిలో ఘనం పెడితే నాలుగేళ్ల పిల్లకి తేడా చెప్పక్కర్లేదు, చెయ్యి కిందికి దిగుతుంది. డబ్బుతో ఇది కుదరదు. పది రూపాయల నోటు రూపాయి నాణెం కంటే పది రెట్లు బరువుండదు. ఐదు వందల నోటూ కాగితమే, యాభై నోటూ కాగితమే. నోటు విలువ ఒక ఒప్పందం. పూసల ఘనంలో ఒప్పందం ఏమీ లేదు, అనుమానమున్న పిల్ల విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. అట్ట నాణేలతో మొదలుపెట్టిన మనిషి పూసల దాకా రావడంలో ఉన్న దూరం ఇదే.

పూసలకి జతగా అట్ట ముక్కలు. 1 నుంచి 9 దాకా ఆకుపచ్చ అంకెలు, 10 నుంచి 90 దాకా నీలం, 100 నుంచి 900 దాకా ఎరుపు, 1000 నుంచి మళ్లీ ఆకుపచ్చ. ఒకట్ల ముక్క సన్నం, పదులది దానికి రెట్టింపు వెడల్పు, వందలది మూడింతలు. ఇప్పుడు నూట పన్నెండు. పిల్ల వెళ్లి ఒక వంద పలక, ఒక పది కడ్డీ, రెండు పూసలు పళ్లెంలో పెట్టుకొస్తుంది. 100 అని ఎర్రగా రాసిన ముక్క తెస్తుంది. దాని మీద కుడి చివరకి జరిపి నీలం 10 పెడుతుంది, దాని మీద ఆకుపచ్చ 2. నూరులోని రెండు సున్నాలూ మాయం కాలేదు. మొదటిదాని మీద పదిలోని ఒకటి కూర్చుంది, రెండోదాని మీద రెండు కూర్చుంది. కావాలంటే ముక్కలు విడదీసి మళ్లీ సున్నాల్ని చూడొచ్చు. 10012 అని రాసిన పిల్లకి తన తప్పు ఎక్కడుందో చెప్పడానికి ఇంతకంటే మర్యాదైన దారి ఇప్పటికీ ఎవరూ కనిపెట్టినట్టు లేదు.

తర్వాత వచ్చేది బ్యాంకు ఆట. ఇద్దరు ముగ్గురు పిల్లలు తలా ఒక సంఖ్య తెచ్చి పూసలన్నీ కలుపుతారు. ఒకట్లు పదమూడు అయ్యాయి. పదింటిని తీసుకెళ్లి బ్యాంకులో ఇచ్చి ఒక కడ్డీ తెచ్చుకుంటారు. మన బళ్లో మూడు వేసి ఒకటి పైకి అని చెప్పేది ఇదే. ఆ ఒకటి ఎందుకు పైకి పోతుందో, పైకి పోయాక అది పది ఎలా అవుతుందో ఎవరూ చెప్పరు. తీసివేతలో పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవడం మరీ వింత. ఆ అప్పు ఎప్పుడూ తిరిగి తీర్చరు. బ్యాంకు ఆటలో అప్పు లేదు, మార్పిడి ఉంది. ఒక కడ్డీ ఇచ్చి పది పూసలు తెచ్చుకుంటారు.

ఇందులో పెద్దవాళ్లకి మింగుడు పడనిది వరుస. మాంటిస్సోరి తరగతిలో పిల్లలు పది దాకా వచ్చాక పదకొండు నేర్చుకోవడానికి ముందే వెయ్యిని చేతిలోకి తీసుకుంటారు. ఒకటి, పది, వంద, వెయ్యి నాలుగే మాటలు. ఒక్కో చోట తొమ్మిది దాకా లెక్క వస్తే చాలు, మూడు వేల నాలుగు వందలు అని చదివేయవచ్చు. కష్టమంతా పదకొండుకీ తొంభై తొమ్మిదికీ మధ్య ఉంది, అదీ సంఖ్యల తప్పు కాదు, భాషల తప్పు. ఆమె మాతృభాష ఇటాలియన్‌లో 11 నుంచి 16 దాకా ఒకట్లు ముందు, పది వెనక పలుకుతాయి. 17 దగ్గర తిరగబడి పది ముందుకొస్తుంది. తెలుగులో ఆ తిరగబాటు లేదు, పదమూడు నుంచి పందొమ్మిది దాకా పదే ముందు. కానీ పన్నెండు అన్న మాటలో పదీ రెండూ ఉన్నాయని ఏ పిల్ల చెవికీ తట్టదు. అరిగిపోయి కలిసిపోయాయి. ఇక ఉనసఠ్ సంగతి సరే సరి. అందుకే ఈ మధ్య సంఖ్యలకి ఆమె వేరే పలకలు చేసింది. పలక మీద 10, 10, 10 అని వరుసగా ఉంటాయి, ఆ సున్నా మీదికి 1, 2, 3 ముక్కలు జరుపుతారు. పక్కనే పూసలు. పది కడ్డీ, రెండు పూసలు, దాని పేరు పన్నెండు. పాత గురువు గౌరవార్థం వాటికి సెగన్ పలకలన్న పేరే నిలిచింది.

పూసల్ని మొదట చేసింది ప్రాథమిక తరగతుల పెద్ద పిల్లల కోసం. నాలుగైదేళ్లవాళ్లు వాటి మీద ఆసక్తి చూపడంతో కిందికి దిగొచ్చాయి. ఆ పని ఎక్కువగా సాగింది స్పెయిన్‌లోని బార్సిలోనాలో. 1934లో అక్కడే లెక్కల మీద లావుపాటి పుస్తకం, సైకో అరిథ్మెటిక్, స్పానిష్‌లో అచ్చయింది. అప్పటికి ఆమెకి అరవై నాలుగేళ్లు.

అదే ఏడు ఇటలీలో ఆమె బళ్లు మూతపడ్డాయి. ఇక్కడ ఆమె చరిత్రలో ఒక మచ్చ ఉంది, దాన్ని దాటేసి పోవడం సరికాదు. 1924 నుంచి ముస్సోలినీ ప్రభుత్వం ఆమెకి డబ్బు, పేరు, శిక్షణ సంస్థ అన్నీ ఇచ్చింది. ఆమె తీసుకుంది. పదేళ్లు పట్టింది, ఆ ప్రభుత్వానికి కావలసింది స్వయంగా ఆలోచించే పిల్లలు కాదనీ, యూనిఫారం వేసుకుని వందనం చేసేవాళ్లనీ బయటపడటానికి. పిల్లల స్వేచ్ఛ గురించి అంత సూక్ష్మంగా చూసిన మనిషి దేశం సంగతి అంత ఆలస్యంగా చూడటం ఆశ్చర్యమే. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైతే బార్సిలోనా కూడా వదిలి, కొన్నాళ్లు ఇంగ్లండులో, ఆ తర్వాత నెదర్లాండ్స్‌లో తలదాచుకుంది.

1939 నవంబరులో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద, మారియోతో కలిసి మద్రాసు అడయారుకి వచ్చింది. జార్జ్ అరండేల్, రుక్మిణీదేవి ఆమెని పిలిపించారు. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలకీ మద్రాసే రాజధాని. మొదటి శిక్షణకే సుమారు మూడు వందల మంది చేరారు. ఆమె ఇటాలియన్‌లో చెప్పేది, మారియో ఇంగ్లిషు చేసేవాడు. కొన్ని నెలల కోసం వచ్చిన మనిషి యుద్ధం వల్ల 1946 దాకా ఉండిపోయింది.

ఆమె తెచ్చిన పూసల పెట్టెలో ఉన్న ఆలోచన ఒకప్పుడు ఇక్కడి నుంచి వెళ్లిందే. సున్నాతో లెక్కలు చేసే నియమాల్ని బ్రహ్మగుప్తుడు 628లో రాశాడు. ఆ అంకెలు అరబ్బుల మీదుగా ప్రయాణించి, 1202లో పీసా నగరానికి చెందిన లియొనార్దో పుస్తకంతో ఇటలీ వర్తకులకి గట్టిగా పరిచయమయ్యాయి. 1299లో ఫ్లోరెన్సు వడ్డీవ్యాపారుల సంఘం పద్దు పుస్తకాల్లో వాటిని నిషేధించింది కూడా. మార్చి రాయడం సులువని భయం. తెలుగులోనూ పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని పద్యాల్లోకి దించాడు. అయినా 1939లో మద్రాసు బజారులో పిల్లలు చూసే లెక్క పదుల్లో లేదు. రూపాయికి పదహారు అణాలు, అణాకి నాలుగు పైసలు. పూసల పెట్టెలో పదులు, జేబులో పదహార్లు. నూరు పైసల రూపాయి వచ్చింది 1957 ఏప్రిల్ 1న, ఆమె పోయాక.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది, ఇది ఇప్పటికీ తీరలేదు. ఆమె రంగులు మూడేసి అంకెలకి ఒకసారి తిరుగుతాయి. వేలు, పదివేలు, లక్ష మళ్లీ ఆకుపచ్చ, నీలం, ఎరుపు. లక్ష అంటే నూరు వేలు అన్న యూరప్ లెక్క అది. మనం వెయ్యి దాటాక రెండేసి అంకెలకి కామా పెడతాం, లక్షకి కొత్త పేరు పెట్టుకున్నాం. వెయ్యిలోపు పిల్లలకి దీంతో పేచీ లేదు. లక్ష దగ్గరికి వచ్చాక రంగు ఒకటి చెబుతుంది, నోరు ఇంకొకటి చెబుతుంది.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే తల్లీకొడుకులు బ్రిటిష్ ప్రభుత్వానికి శత్రుదేశీయులయ్యారు. మారియోని అహ్మద్‌నగర్ శిబిరానికి పంపారు. ఆమెని అడయారు దాటి వెళ్లవద్దన్నారు. ఆగస్టు 31న ఆమెకి డెబ్భై ఏళ్లు నిండాయి. ఆ రోజు వైస్రాయ్ నుంచి తంతి వచ్చింది. పుట్టినరోజు కానుకగా ఆమె కొడుకుని విడిచిపెడుతున్నట్టు అందులో ఉంది. నలభై రెండేళ్లుగా దాచిన మాటని ఒక ప్రభుత్వ కాగితం మామూలుగా రాసేసింది. అప్పటి నుంచి ఆమె కూడా దాచలేదు.

ఆ తర్వాత కొడైకెనాల్‌లో కొన్నేళ్లు, దేశమంతా శిక్షణ తరగతులు. భారత ఉపఖండంలో ఆమె దగ్గర నేర్చుకున్న టీచర్లు వెయ్యి మంది పైమాటే. అయితే ఇక్కడి పేదరికం పూసల పెట్టెని మొదటి నుంచీ ఒక ప్రశ్న అడుగుతూనే ఉంది: ఇంత ఖరీదు ఎవరు పెట్టగలరు? ఆమె ఈ గడ్డ మీద కాలు పెట్టకముందే గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచి, ఆమె పద్ధతిని ఊళ్లో దొరికే వస్తువులతో నడిపి చూపించాడు. నేటి ప్రభుత్వ బళ్లలో చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టడం, చింతగింజలు పోగులు పెట్టడం అదే దారి. పది పుల్లల కట్ట పది కడ్డీకి ఏమీ తీసిపోదు. విప్పుకోవచ్చు, మళ్లీ కట్టుకోవచ్చు. కష్టం ఎక్కడంటే, చాలా బళ్లలో ఆ కట్ట పాఠ్యపుస్తకంలో బొమ్మగానే ఉండిపోతుంది. బొమ్మలోని కట్టని విప్పడం ఎవరి తరం? 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ ఒకటో తరగతి చివరికి 99 దాకా, రెండు చివరికి 999 దాకా, మూడు చివరికి 9999 దాకా చదవడం, రాయడం లక్ష్యంగా పెట్టింది. చదవడం, రాయడం కొలవడం సులువు. 112లో మొదటి ఒకటికీ రెండో ఒకటికీ ఎంత తేడా అని అడిగితే వచ్చే జవాబుని కొలవడమే కష్టం.

ఆమె 1946లో యూరప్ వెళ్లి, మరుసటి ఏడే మళ్లీ భారత్‌కి వచ్చి, 1949లో పూర్తిగా తిరిగి వెళ్లిపోయింది. నోబెల్ శాంతి బహుమతికి మూడుసార్లు పేరు వెళ్లింది, రాలేదు. 1952 మే 6న నెదర్లాండ్స్ సముద్రతీరంలోని నూర్ద్‌వైక్‌లో, ఆఫ్రికా వెళ్లి టీచర్లకి శిక్షణ ఇచ్చే సంగతి మారియోతో మాట్లాడుతూ ఉన్న రోజునే, మెదడులో రక్తస్రావమై చనిపోయింది. ఎక్కడ పోతే అక్కడే పాతిపెట్టమన్నది ఆమె కోరిక, అలాగే చేశారు. వీలునామాలో మారియోని తన కొడుకని రాసింది. ఆమె పనిని ఆయన 1982లో చనిపోయే దాకా నడిపాడు.